జీతం పెంచితే జాతరకే పోతుందా? కనీస వేతనం మీద చర్చ

హోటలాయన (హన్మకొండ)
అందరికీ నమస్తే. కాంట్రాక్టు కార్మికుల జీతాల మీద ఈ మధ్య ఇక్కడ నడిచిన చర్చ మొత్తం చదివాను. కామెంట్లన్నీ ఒకటే మాట: పెంచాలి. పెంచాలి, నేనూ కాదనను. కానీ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. తిడతారని తెలిసే అడుగుతున్నాను.

నాకు చిన్న టిఫిన్ సెంటర్ ఉంది, ఎనిమిది మంది పనిచేస్తారు. దోశ మాస్టర్‌కు ఎంతివ్వాలో ఏ జీవో చెప్పక్కర్లేదు. తక్కువిస్తే తెల్లారేసరికి పక్క హోటల్లో పెనం ముందుంటాడు. నా గోడంతా గిన్నెలు కడిగేవాళ్లు, టేబుళ్లు తుడిచేవాళ్ల గురించి. దసరాకు తలా వెయ్యి పెంచాను. జనవరి వచ్చేసరికి మేడారం జాతరకని అందరికీ అడ్వాన్స్ కావాలి. ఒకాయన మేకను కొన్నాడు, కొడుకుకు నిలువెత్తు బంగారం, అదే బెల్లం, తూకం వేయించాడు, చుట్టాలందరినీ ట్రాలీ ఎక్కించాడు. తిరిగొచ్చిన వారానికే బిడ్డ స్కూలు ఫీజు కోసం మళ్లీ నా ముందు నిలబడ్డాడు. ఇంకో పిల్లగాని చేతిలో పద్దెనిమిది వేల ఫోను, కిస్తీల మీద. నా ఫోను కన్నా అదే మంచిది.

పెంచిన పైసలు ఇంట్లోకి పోతున్నాయా, బయటికి పోతున్నాయా? అనుభవమున్నవాళ్లు చెప్పండి.

జమ్మికుంట తమ్ముడు
బెల్టు షాపులోకి పోతున్నాయన్నా. చర్చ అయిపోయింది, అందరూ పడుకోండి.

కాశిబుగ్గ అక్క
నువ్వు పడుకో తమ్మీ. మేం పొద్దున ఐదింటికి లేవాలి.

హోటల్ అన్నా, నువ్వు అడిగిన తీరు బాగానే ఉంది కాబట్టి చెప్తున్నా. నేనొక ప్రైవేటు ఆస్పత్రిలో హౌస్ కీపింగ్ చేస్తాను, ఏజెన్సీ కింద. చేతికొచ్చేది తొమ్మిది వేల మూడొందల చిల్లర. మా ఆయనది అడ్డా మీద సిమెంటు పని, దొరికిన రోజు దొరికినట్టు. రేకుల ఇల్లు, కిరాయి మూడు వేలు. సంఘం లోను కిస్తీ పదిహేను వందలు. పెద్దోడు ఇంటర్, చిన్నది ఏడో తరగతి. కంట్రోలు షాపులో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం వస్తున్నాయి కాబట్టి ఆ ఒక్క దిగులు తగ్గింది.

ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయినంక నాకు నెలకు ఏడెనిమిది వందలు మిగులుతున్నాయి. నీ లెక్కలో ఇది కూడా జీతం పెరిగినట్టే కదా. ఎటు పోయాయో చెప్పనా? చిన్నదానికి రోజూ ఒక గుడ్డు. పావు లీటరు పాల ప్యాకెట్టు అర లీటరైంది. పెద్దోని బూట్లు. అంతే, వాటికే చాల్లేదు.

ఫోన్ సంగతి. మా సూపర్‌వైజర్ హాజరు ఫోన్లోనే తీసుకుంటాడు. గేటు దగ్గర ముఖం ఫొటో పడకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. పాత ఫోను కెమెరా మసకబారి హాజరు పోయినంకనే నేనూ కిస్తీల మీద కొన్నాను. నీ పిల్లగాడు ఎందుకు కొన్నాడో నాకు తెల్వదు. ఒకసారి అడిగి చూడు.

ఇక జాతర. అది రెండేళ్లకోసారి. దానికోసమే పక్కింటామె దగ్గర నెలకు ఐదు వందల చిట్టీ కడతాను. ఆడబిడ్డలు, మరుదులు, మేనమామలు అందరం ఒకచోట కలిసేది అక్కడే. రేపు నా బిడ్డ పెళ్లికి చేబదులు కావాలంటే ఎవరిని అడగాలె? బ్యాంకు మేనేజర్‌నా? మనం నలుగురిలోకి పోకపోతే మన కష్టానికి నలుగురు రారు.

కిరాణం (కరీమాబాద్)
అక్క చెప్పింది నేను కౌంటర్ ఇవతల నుంచి చెప్తాను.

నా ఖాతా పుస్తకం చూస్తే ఏ ఇంట్లో ఏ తారీఖున జీతం పడిందో ఇట్టే తెలుస్తుంది. జీతం పడగానే ముందు పాత బాకీ కడతారు. ఇది రాసిపెట్టుకోండి, ముందు బాకీనే. ఆ తర్వాత లీటరు నూనె ప్యాకెట్లు, కిలో కందిపప్పు, సబ్బుల కట్ట. ఇరవయ్యో తారీఖు దాటాక అదే మనిషి వచ్చి పావుకిలో నూనె, అద్దపావు పప్పు, ఐదు రూపాయల చాయ్‌పత్త అంటుంది. ఐదు రూపాయల ప్యాకెట్లే కొనుక్కుంటూ పోతే పెద్ద ప్యాకెట్టు కన్నా ఎంత ఎక్కువ పడుతుందో వాళ్లకు నాకన్నా బాగా తెలుసు. ఒకామె నా ముందే లెక్కేసి చెప్పింది. చెప్పి, ఐదు రూపాయలదే తీసుకొని పోయింది. ఆ పూటకు చేతిలో ఉన్నవి ఐదే.

జీతం పదో తారీఖు దాటిందంటే మా గల్లీలో గిరిగిరి వాళ్ల బండ్లు తిరుగుతాయి. పది వేలని రాసుకొని చేతిలో తొమ్మిది వేలు పెడతారు. రోజుకు వంద, వంద రోజులు. పొద్దున పదింటికి గల్లీ చివర నిలబడి వసూలు చేస్తారు. దుబారా ఎక్కడుందని అడిగితే నేను ఆ వెయ్యి రూపాయలను చూపిస్తాను, మేకను కాదు.

జమ్మికుంట తమ్ముడు
సరే అన్నా, మేక వదిలేద్దాం. మరి మందు? ఈ వేదికలో అందరూ పేదవాళ్ల మీద కవిత్వం రాస్తారు, క్వార్టర్ గురించి మాత్రం ఎవరూ రాయరు.

సిరిసిల్ల సాంచా
నేను రాస్తాను.

మా బాపు ముప్పై ఏళ్లు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేశాడు. పన్నెండు గంటల షిఫ్టు, నిలబడే పని, చెవులు పనిచేయనంత చప్పుడు. తాగేవాడు. అలిసిపోయి తాగాడని నేను వెనకేసుకురాను, మా అమ్మ కూడా బీడీలు చుట్టి అలిసిపోయేది, ఆమె తాగలేదు. ఇంటికి రావాల్సిన దాంట్లో పెద్ద ముక్కే కల్లు డిపోలో, వైన్సులో పోయింది. ఇది నిజం.

కానీ ఇంకో నిజం కూడా వినాలి. మాది పీసు రేటు. ఎంత గుడ్డ నేస్తే అంత. 2017 నుంచి కొన్నేళ్లు బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చినప్పుడు చేతినిండా పని, వారం వారం పైసలు. ఆర్డర్ అయిపోతే సాంచాలు బంద్. చేతికి పైసలు ఆడిన నెలల్లో బాపు తక్కువ తాగేవాడు, పని లేని నెలల్లో ఎక్కువ. అప్పు చేసి మరీ. మీరు అనుకునేదానికి ఇది ఉల్టా. అందరిళ్లలో ఇట్లనే అని నేననను, మా ఇంట్లో ఇట్లనే.

ఇంకొకటి. అమ్మ బీడీల పైసలు కంపెనీ బ్యాంకులో వేయడం మొదలుపెట్టాక ఏటీఎం కార్డు అమ్మ దగ్గరే ఉంది. అదే మా ఇంటిని నిలబెట్టింది. జీతం ఎంత అనేదాంతోపాటు కార్డు ఎవరి దగ్గరుందో కూడా అడగండి.

డిగ్రీ కాలేజీ ఎకనామిక్స్
సాంచా తమ్ముడు రాసిన ఆఖరి మాట మా క్లాసులో ఒక పీరియడ్ పాఠం. ఈ చర్చకు కొన్ని లెక్కలు కలుపుతాను, ఓపిక ఉంటే చదవండి.

ఆదాయం పెరిగేకొద్దీ ఖర్చులో తిండి వాటా తగ్గుతుందని జర్మనీకి చెందిన ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లోనే చెప్పాడు. మన దేశంలో 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం పల్లెల్లో ఖర్చులో తిండి వాటా దాదాపు 47 శాతం, పట్టణాల్లో దాదాపు 40. ఇది ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ కలిపిన సగటు. అడుగున ఉన్నవాళ్లకు ఆ వాటా ఇంకా ఎక్కువ. అందుకే కాశిబుగ్గ అక్క ఇంట్లో బస్సు చార్జీ మిగిలితే అది గుడ్డుగా, పాలుగా మారింది.

పండగల ఖర్చు కూడా కొత్త ఫిర్యాదు కాదు. 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ పల్లెల లెక్కలు చూస్తే, అక్కడి నిరుపేద కుటుంబాలు ఏడాది ఖర్చులో సుమారు పదో వంతు పెళ్లిళ్లకూ చావులకూ పండగలకూ పెడుతున్నాయని తేలింది. తిండి తక్కువైనా సరే.

ఇప్పుడు హోటలాయన గారికి అసలు సంగతి. కనీస వేతనం ఎట్లా కట్టాలో 1957లో 15వ భారత కార్మిక సమ్మేళనం ఒక సూత్రం పెట్టింది. మగమనిషిని ఒకటి, భార్యను 0.8, ఇద్దరు పిల్లలను 0.6 చొప్పున లెక్కేసి మొత్తం మూడు యూనిట్లన్నారు. ఒక్కో యూనిట్‌కు రోజుకు 2,700 క్యాలరీల తిండి, ఇంటికంతా ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి కిరాయి, వీటన్నిటితో కలిపి మొత్తంలో 20 శాతం వంటచెరకు, దీపం వంటి ఖర్చులు. (ఆడమనిషికి 0.8 ఎందుకని మా క్లాసులో అమ్మాయిలు ప్రతి ఏడాదీ గొడవ పెడతారు. పెట్టాల్సిందే.) 1991లో రెప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు దీనికి ఇంకో 25 శాతం చేర్చింది. దేనికి? పిల్లల చదువు, వైద్యం, ముసలితనం, పెళ్లిళ్లు, ఇంకా పండగలూ శుభకార్యాలతో కూడిన కనీస వినోదం.

అంటే జాతర ఖర్చు కనీస వేతనం మిగిలితే చేసుకునే సోకు కాదు. కనీస వేతనం లెక్కలోనే ఉంది. మీ దగ్గర పనిచేసే ఆయన జాతరకూ ఫీజుకూ రెండింటికీ ఒకే ఏడాదిలో పెట్టలేకపోయాడంటే ఆయన లెక్క తప్పిందా, మనం కట్టిన లెక్క తప్పిందా?

జమ్మికుంట తమ్ముడు
సార్, మేకను సుప్రీంకోర్టు దాకా తీసుకుపోయారు.

హోటలాయన (హన్మకొండ)
నవ్వొచ్చింది కానీ నా ప్రశ్న ఇంకా నిలబడే ఉంది సార్. కోర్టు చెప్పింది, సరే. కట్టేదెవరు? నేను కదా. కమర్షియల్ సిలిండర్ రేటు నా చేతిలో లేదు, షాపు కిరాయి నా చేతిలో లేదు, మినపప్పు రేటు నా చేతిలో లేదు. ఇడ్లీ ప్లేటు మీద ఐదు రూపాయలు పెంచితే హాస్టల్ పిల్లలు ఆ మూల మీది బండి దగ్గరికి పోతారు. ఆ బండాయన కనీస వేతనం ఇవ్వడు, ఎందుకంటే అక్కడ పనిచేసేది ఆయన భార్య. ఆమెకు జీతమే లేదు. చట్టం నన్ను పట్టుకుంటుంది, ఆయన్ని పట్టుకోదు. ఇద్దరిని తీసేసి గిన్నెలు కడిగే మెషీన్ పెట్టుకోమని మా బావమరిది రోజూ చెప్తున్నాడు. అప్పుడు ఆ ఇద్దరికీ వచ్చే కనీస వేతనం సున్నా.

డిగ్రీ కాలేజీ ఎకనామిక్స్
ఈ భయం మీద ప్రపంచమంతా కొట్లాడుకుంది. 1992 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం గంటకు కనీస వేతనాన్ని 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ రెండు వైపులా ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లను, అంటే మీ వ్యాపారాన్నే, పోల్చి చూశారు. న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గలేదు. ఆ లెక్కలు తప్పని వాదించినవాళ్లూ ఉన్నారు, ఆ వాదన ఇంకా తెగలేదు. కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చింది.

అయితే మీరు చెప్పిన బండి సంగతి ఆ లెక్కలో లేదు, ఒప్పుకుంటాను. అక్కడ అందరూ జీతగాళ్లే. మన దగ్గర సగం బజారు కుటుంబం మీదే నడుస్తుంది.

కిరాణం (కరీమాబాద్)
ఒక్క మాట సార్. హోటలాయన అన్న ఇచ్చిన వెయ్యి ఎక్కడికీ పోలేదు. అది నా గల్లాపెట్టెలోకి వచ్చింది. నేను హోల్‌సేల్ షాపులో కట్టాను. ఆ గుమాస్తాలు పొద్దున ఎక్కడ టిఫిన్ చేస్తారు? వరంగల్‌లో పని చేసి సంపాదించినవాడు వరంగల్‌లోనే ఖర్చు పెడతాడు. లక్షల జీతమున్నవాడే హైదరాబాద్‌లో ప్లాటు కొంటాడు.

హోటలాయన (హన్మకొండ)
నీ గల్లాపెట్టెలోకి వచ్చింది తమ్మీ, నా గల్లాలోంచి పోయింది. మళ్లీ నా దాకా తిరిగొచ్చేసరికి ఎంత మిగులుతుందో అదీ చెప్పు.

పీఎఫ్ లెక్కల మనిషి (కాజీపేట)
ఇప్పుడే చదివాను. అందరూ ఖర్చు మీదే కొట్లాడుతున్నారు. నా పని జీతాల బిల్లులు చేయడం, కాబట్టి నా చూపు మొదటి లైను మీద పడింది. కాశిబుగ్గ అక్కా, చేతికి తొమ్మిది వేల మూడొందలు అన్నారు. స్లిప్పు ఇస్తారా? ఇస్తే పేరూ నంబర్లూ పెట్టకుండా అంకెలు మాత్రం ఇక్కడ రాయండి.

కాశిబుగ్గ అక్క
అడిగితే ఇస్తారు సార్. రాస్తున్నా. మొత్తం జీతం 13,000. పీఎఫ్ 3,120. ఈఎస్ఐ 521. చేతికి 9,359.

పీఎఫ్ లెక్కల మనిషి (కాజీపేట)
అనుకున్నాను.

అక్కా, 13,000 మీద మీ వాటా పీఎఫ్ 12 శాతం, అంటే 1,560. ఈఎస్ఐలో మీ వాటా 0.75 శాతం, అంటే 98. ఈ రెండే కోయాలి. మీ చేతికి 11,342 రావాలి. యజమాని వాటా పీఎఫ్ ఇంకో 12 శాతం, ఈఎస్ఐ 3.25 శాతం. ఇది 1,560, 423. ఇవి యజమాని జేబులోంచి కట్టాలి, మీ జీతంలోంచి కోయడానికి వీల్లేదు. మీ స్లిప్పులో 3,120 అంటే రెండు వాటాలూ మీ నుంచే. 521 కూడా అంతే, 98కి 423 కలిపింది. నెలకు 1,983 రూపాయలు మీరు ముట్టుకోకముందే పోతున్నాయి.

హోటలాయన గారూ, పెంచిన పైసలు ఎటు పోతాయని అడిగారు కదా. మీ దగ్గర సంగతి వేరు, మీరు ఏజెన్సీ కాదు. కానీ ఈ ఊళ్లో ఆస్పత్రుల్లో, కాలేజీల్లో, షోరూముల్లో ఏజెన్సీ కింద పనిచేసేవాళ్లకు జీతం పెంచండి అంటే ఈ స్లిప్పులో పైన అంకె పెరుగుతుంది. కింద అంకె ఎంత పెరుగుతుందో స్లిప్పు రాసేవాడి ఇష్టం.

రాష్ట్రం సంగతీ చెప్పాలి. కనీస వేతనాలను ఐదేళ్లకు మించకుండా సవరించాలని 1948 చట్టం చెప్పింది. 2021 జూన్‌లో ఐదు రంగాలకు 21 నుంచి 25 దాకా జీవోలు వచ్చాయి, కానీ గెజిట్‌లో వేయలేదు. గెజిట్‌లోకి ఎక్కని రేటు ఏ ఏజెన్సీనీ కట్టమని అడగలేం. అదే నెలలో ప్రభుత్వ శాఖల అవుట్‌సోర్సింగ్ వాళ్లకు మాత్రం జీవో 60తో అడుగు మెట్టు జీతం 15,600 అయింది. ప్రైవేటు వాళ్లకు ఆ తర్వాత చాన్నాళ్లు ఆరునెలలకోసారి, ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో కరువు భత్యం పాయింట్లు కలిశాయి, అంతే. కేంద్రం చెప్పే జాతీయ కనీస మట్టం 2017లో రోజుకు 176 రూపాయలు. 375 చేయమని 2019లో నిపుణుల కమిటీ చెప్పింది. ఆ మాట అప్పుడు అక్కడే ఆగింది.

జమ్మికుంట తమ్ముడు
176 రూపాయలు నిజంగానా? ఉపాధి హామీ కూలే 2025-26లో మన దగ్గర 307 కదా సార్?

పీఎఫ్ లెక్కల మనిషి (కాజీపేట)
నిజమే. మట్టి తవ్వే పనికిచ్చే కూలి కన్నా తక్కువ.

సిరిసిల్ల సాంచా
మా పీసు రేటు వాళ్లకు ఇవేవీ వర్తించవా?

పీఎఫ్ లెక్కల మనిషి (కాజీపేట)
వర్తిస్తాయి తమ్మీ. ఆ పనికి రోజు లెక్కన కనీస వేతనం ఉండి, పీసు లెక్కన విడిగా రేటు లేకపోతే, పీసు లెక్కన ఇచ్చేది ఆ రోజు వేతనానికి తగ్గొద్దని పాత చట్టంలోనే ఉంది. మీ దగ్గర ఎవరూ ఆ లెక్క వేసి చూపించరు, అదీ సంగతి.

హోటలాయన (హన్మకొండ)
నా దగ్గర స్లిప్పుల్లేవు, పీఎఫ్ లేదు. ఎనిమిది మందే. రేపు ఎవరైనా వచ్చి నన్ను కూడా ఇట్లా పట్టుకుంటారా?

పీఎఫ్ లెక్కల మనిషి (కాజీపేట)
పీఎఫ్‌కు ఇరవై మంది, ఈఎస్ఐకి పది మంది ఉండాలి, మీకు రావు. కనీస వేతనానికి మాత్రం తల లెక్క లేదు, ఒక్కరున్నా ఇవ్వాలి. 2025 నవంబర్ 21 నుంచి వేతనాల కోడ్ అనే కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం నెల జీతం వచ్చే నెల ఏడో తారీఖులోపు పడాలి, స్లిప్పు ఇవ్వాలి. మీరొక రిజిస్టర్ పెట్టి సంతకాలు తీసుకోండి. రేపు గొడవొస్తే అది మీకే పనికొస్తుంది.

కిరాణం (కరీమాబాద్)
ఏడో తారీఖా! అట్లా పడితే గిరిగిరి వాళ్లు మా గల్లీ వదిలేసి పోతారు.

హోటలాయన (హన్మకొండ)
రిజిస్టర్ పెడతాను. ఇడ్లీ రేటు సంగతి మాత్రం ఈ కోడ్‌లో ఎక్కడా లేదు సార్, అది గుర్తుంచుకోండి.

కాశిబుగ్గ అక్క
సార్, నెలకు 1,983 అంటే మా ఆయన రెండు రోజుల సిమెంటు పని. నేను ఇన్నాళ్లూ పీఎఫ్ అంటే అంతే పోతుందేమో అనుకున్న. కనీసం ఆ కోసిందైనా కడుతున్నారా లేదా ఎట్లా తెలుస్తుంది?

పీఎఫ్ లెక్కల మనిషి (కాజీపేట)
స్లిప్పు మీద యూఏఎన్, అంటే మీ పీఎఫ్ నంబర్ ఉంటుంది. ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరవండి, పెద్దోనితో చేయించండి. నెల నెలా మీ పేరు కింద 1,560, యజమాని వాటా కింద 477, పెన్షన్ కింద 1,083 కనపడాలి. కనపడితే డబ్బు కడుతున్నారు, కాకపోతే మీ డబ్బే కడుతున్నారు. కనపడకపోతే సంగతి ఇంకా పెద్దది, నేరుగా పీఎఫ్ ఆఫీసుకే పోవాలి.

కాశిబుగ్గ అక్క
పెద్దోడు చూసిండు. మూడు అంకెలూ ఉన్నాయి.

మా ఫ్లోర్లో అందరివీ ఇట్లాంటి స్లిప్పులే సార్. కానీ ఒక్కదాన్ని పోయి అడిగితే రేపటి నుంచి గేటు దగ్గర నా ముఖం ఫొటో పడదు. అది కూడా చెప్పండి.

పీఎఫ్ లెక్కల మనిషి (కాజీపేట)
ఆ భయం నిజమైనదే, లేదని చెప్పను. అందుకే ఒక్కరు పోవద్దు. ఎంతమందైనా కలిసి ఒకటే దరఖాస్తు పెట్టుకోవచ్చు. యూనియన్ ఉంటే యూనియనే పెట్టొచ్చు. మూడేళ్ల వెనకటిది దాకా అడగొచ్చు, పాత కనీస వేతనాల చట్టంలో ఆరు నెలలే ఉండేది. ఏజెన్సీ చేతులెత్తేస్తే పని చేయించుకున్న ఆస్పత్రే కట్టాలి, కాబట్టి కాగితంలో ఇద్దరి పేర్లూ రాయండి. ముందు లేబర్ ఆఫీసులో నోటిమాటగా అడగకండి, రాసి ఇచ్చి ముద్ర వేయించుకోండి.

కాశిబుగ్గ అక్క
ఆదివారం డ్యూటీ దిగినంక అందరినీ స్లిప్పులు పట్టుకొని మా ఇంటికి రమ్మంటా.

పీఎఫ్ లెక్కల మనిషి (కాజీపేట)
జిరాక్సులు తీయించండి. అసలువి ఎవరి చేతికీ ఇవ్వకండి, నాక్కూడా.